ప్రమిద బొమ్మ వెలిగినప్పుడు: మా మారుతి 800 ఆయిల్ డైరీ

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

గుడి నుంచి ఇంటికి వస్తున్నాం. పానకం చెంబు ఒళ్లో పెట్టుకుని అమ్మ ముందు సీట్లో కూర్చుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే బండి ఆపాను. ఇంజన్ ఐడిల్‌కు దిగగానే డాష్‌బోర్డులో ఎర్ర దీపం ఒకటి మిణుకుమంది. నాకంటే ముందు అమ్మే చూసింది. ‘ఆ ప్రమిద ఎందుకు వెలుగుతోందిరా?’ అంది.

అది ప్రమిద కాదు, ఆయిల్ క్యాను. కానీ ముక్కు సాగిన ఆ బొమ్మను చూస్తే ఎవరైనా ప్రమిదే అనుకుంటారు. ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు వెలిగే దీపం అది. యాక్సిలరేటర్ మీద కాస్త కాలు వేస్తే ఆరిపోయింది. తీస్తే మళ్లీ వచ్చింది. పచ్చ దీపం పడేదాకా అలా కాలు ఆనించే ఉంచాను. వెనక ఆటో అతను నేను రేసుకు సిద్ధమవుతున్నాననుకుని ఉంటాడు.

బండి సంగతి రాసి పెట్టుకోవాలి. 1997లో నాన్న కొన్న మారుతి 800, ఏపీ 16 నంబరు. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బొరేటర్. మీటరులో 1,18,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మధ్యలో రెండేళ్లు మీటరు కేబులు తెగిపోయే తిరిగింది కాబట్టి ఆ అంకెను రాశిఫలం చదివినట్టు చదవాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి ఓ గుప్పెడు నీలం పొగ వస్తుంది, తర్వాత ఉండదు. జనవరిలో ఊళ్లోనే ఒక వర్క్‌షాపులో ఆయిల్ మార్పించాను. ‘మంచి సింథటిక్ సార్, కొత్త బండ్లన్నింటికీ ఇదే’ అని 5డబ్ల్యూ-30 అనే గ్రేడు ఆయిల్ పోశారు. సింథటిక్ అనే మాట విని నేను కూడా మురిసిపోయి డబ్బు కట్టి వచ్చాను.

ఏప్రిల్ 7, సోమవారం రాత్రి

నాన్న బీరువాలో ఈ బండికి ఒక ఫైలుంది. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా దారం కట్టి పెట్టాడు. తొలి పదేళ్ల బిల్లులన్నింటిలో ఒకటే మాట: 20డబ్ల్యూ-40. ఆ తర్వాత చేతిరాత బిల్లులు, వాటిలో ‘ఆయిల్’ అని తప్ప గ్రేడు లేదు. జనవరి బిల్లు ఒక్కటే ఫైలులో లేదు, నా ఫోనులో ఉంది. ‘అందుకే చెడింది’ అన్నాడు నాన్న, బిల్లు ఫోనులో ఉండటమే రోగమన్నట్టు.

పొద్దున్న చల్లటి ఇంజన్ మీద, ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ నల్లగా ఉంది, కాఫీ రంగులో లేదు. ఆ కాఫీ రంగు అంటే బెజవాడలో ఇప్పుడందరికీ భయమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగాక ఎన్నో బండ్ల డిప్‌స్టిక్‌లు పాలు పోసిన కాఫీలో ముంచినట్టు బయటికి వచ్చాయి. నీళ్లు కలిసిన ఆయిల్ అలా ఉంటుంది. మా వీధికి ఆ నీళ్లు రాలేదు.

మట్టం పై గీతకు ఇంకాస్త పైన ఉంది. జనవరిలో సరిగ్గా గీత మీద ఉండటం నాకు గుర్తు. అంటే 1,400 కిలోమీటర్లు తిరిగినా చుక్క తగ్గలేదు. పొగ వచ్చినా ఆయిల్ తాగడం లేదని సంతోషించి పడుకున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

డబ్బా మీద ఆ అంకెలు ఏమిటో ఈసారి శ్రద్ధగా చదివాను. ఇంతకాలం డబ్ల్యూ అంటే వెయిట్ అనుకునేవాణ్ణి. కాదు, వింటర్. ఎస్‌ఏఈ (అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంఘం) వాళ్ల జే300 అనే కొలతల పట్టిక ఈ అంకెలకు మూలం. ఎడమ అంకె చలిలో ఇంజన్ తిప్పేటప్పుడు ఆయిల్ ఎంత మొండికేస్తుందో చెబుతుంది. 20డబ్ల్యూని మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర. బెజవాడలో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు, అదీ సున్నాకు పైన 15. కాబట్టి 5డబ్ల్యూ అనే గొప్పకు నేను కట్టిన డబ్బు కాశ్మీరు చలికోసం కట్టినట్టే.

కుడి అంకె అసలైనది. ఇంజన్ బాగా వేడెక్కి 100 డిగ్రీలకు చేరినప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది. కొలమానం సెంటీస్టోక్స్. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే గ్రేడు ఒక అంకె కాదు, ఒక గది. ఆ గదిలో గుమ్మం దగ్గర నిలబడిన ఆయిల్, పెరటి గోడకు ఆనుకున్న ఆయిల్, రెండూ 40లే.

అమ్మకు చెబితే పాకంతో పోల్చింది. అరిసెలకు పాకం పొయ్యి మీద మరుగుతున్నప్పుడు గరిటె నుంచి నీళ్లలా జారుతుంది, దించి చల్లారనిస్తే తీగ సాగుతుంది. అదే పాకం, వేడే తేడా. ఆయిల్ కూడా అంతే, వేడెక్కితే పలచబడుతుంది. ఇలా రెండు అంకెలున్న మల్టీగ్రేడ్ ఆయిల్‌లో కలిపే పాలిమర్లు ఆ పలచబడటాన్ని కొంత అదుపు చేస్తాయి. ఎడమ అంకెకూ కుడి అంకెకూ దూరం ఎక్కువైతే మామూలు మినరల్ ఆయిల్‌లో ఆ పాలిమర్లు ఎక్కువ కలపాలి. గేర్ల మధ్యా బేరింగుల మధ్యా నలిగి అవి మెల్లగా తెగిపోతాయి.

నాకు నచ్చిన ఇంకో కొలత ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలుగుతున్న స్థితిలో ఆయిల్ చిక్కదనం ఎంత ఉండాలి అనేది. దీని కొలమానం వేరు, సెంటీపాయిజ్. 30 గ్రేడుకు కనీసం 2.9. పది డబ్ల్యూ 40కి కనీసం 3.5. ఇరవై డబ్ల్యూ 40కి 3.7. యాభై గ్రేడుకూ కనీసం అదే 3.7. ఈ అంకె చూసి చాలాసేపు కూర్చున్నాను. యాభై పోస్తేనే ఇంజన్ బతుకుతుందని చెప్పేవాళ్లు దీన్ని చూసి ఉండరు. కనీసం అన్నారు కాబట్టి అసలు డబ్బాలో 50 కాస్త ఎక్కువే ఉండవచ్చు, ఉంటుంది కూడా. అయినా నలభై అంటే సగం రక్షణ అన్నట్టు మాట్లాడటం తప్పు.

ఏప్రిల్ 12, శనివారం, ఆటోనగర్

నాన్న కాలం నుంచి చూస్తున్న మేస్త్రి దగ్గరికి వెళ్లాను. లారీ బాడీలు కట్టే షెడ్ల వరస దాటి లోపలికి వెళ్తే ఆయన చిన్న షెడ్డు. చుట్టూ సుత్తుల మోత, వెల్డింగు మెరుపులు. ఆ మోతలోనే ఆయన బానెట్ మీద చెవి పెట్టి ఇంజన్ వింటాడు, ఎలా వినిపిస్తుందో ఆయనకే తెలియాలి.

‘ఇంజన్ అరిగింది బాబూ. 20డబ్ల్యూ-50 పోసేద్దాం, దీపం ఆరిపోతుంది’ అన్నాడు.

‘ఆరిపోతుంది సరే బాబాయ్, అరుగుదల ఆగుతుందా?’

‘నువ్వు మీ నాన్న కంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తావు’ అని నవ్వి, గోడకు వేలాడుతున్న గేజి తీశాడు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజి పైపు బిగించాడు. ఆ స్విచ్ మర సన్నని పైపు మర, ఎనిమిదో వంతు అంగుళం. తొందరపడి బోల్టు బిగించినట్టు బిగిస్తే బ్లాకే చిట్లుతుందని చెబుతూనే రెండు వేళ్లతో తిప్పాడు.

బండిని రామవరప్పాడు రింగు దాకా తిప్పి తెచ్చి, ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా నిలబెట్టాం. ఐడిల్‌లో ముల్లు 0.3 దగ్గర వణుకుతోంది. మేస్త్రీలు దీన్ని కిలోల్లో చెబుతారు, చదరపు సెంటీమీటరుకు కిలో అని అర్థం. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు, అంటే మూడు వేల ఆర్‌పీఎం దగ్గర, 1.5. ‘వెయ్యి ఆర్‌పీఎంకు ముప్పావు కిలో లెక్కన ఉండాలి’ అన్నాడు బాబాయ్. పాత లెక్క అది, ఎక్కడా చట్టంలా రాసి ఉండదు, కానీ ఇలాంటి ఇంజన్‌కు బాగానే పనికొస్తుంది. ఆ లెక్కన మూడు వేల దగ్గర రెండు పైన ఉండాలి.

ఇంటికి వస్తూ బ్యారేజీ మీదుగా తిరిగి వచ్చాను. ప్రెషర్ అంటే ఏమిటో నాకు ఆ వంతెన మీదే బోధపడింది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. పైనుంచి వచ్చే నీరు ఎంతైనా, గేట్లు మూస్తేనే పైన మట్టం నిలబడుతుంది. బేరింగుల సందులే ఈ గేట్లు. కొత్త ఇంజన్‌లో ఆ సందు మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. అరిగితే గేట్లన్నీ బెత్తెడు లేచి ఉన్నట్టు. ఆయిల్ పంపు తోసినంతా పక్కల నుంచి జారిపోతుంది, మట్టం పడిపోతుంది. నీళ్ల బదులు బురద వస్తే ఆ సందుల్లోంచి నెమ్మదిగా జారుతుంది, మట్టం మళ్లీ లేస్తుంది. చిక్కటి ఆయిల్ చేసే పని అది. గేట్లు బాగుపడవు.

ఏప్రిల్ 13, ఆదివారం, మేడ మీద

బాబాయ్‌ని నేను అడిగిన ప్రశ్నకు సమాధానం నేనే వెతకాలనుకున్నాను. మెడికల్ షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి కొన్నాను, సూది లేకుండా. పిడిని తీసేసి, నిలువుగా కట్టి, ఆయిల్ నింపి, పూర్తిగా కారిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. ఒకే సిరంజి, ఒకే నీడ, మేడ మీద వేడి 37 డిగ్రీలు. ఒక్కోదాన్ని మూడుసార్లు చేసి సగటు తీశాను. ప్రతిసారీ సిరంజి తుడవడమే ఎక్కువ పని. వంటింటి గిన్నె ఒక్కటి కూడా ముట్టుకోకూడదన్నది అమ్మ షరతు. గరాటు కూడా ఆమె వచ్చి చూసి వెళ్లింది, తనది కాదని తేల్చుకోవడానికి.

కొత్త 20డబ్ల్యూ-50: 74 సెకన్లు. కొత్త 20డబ్ల్యూ-40: 58. కొత్త 5డబ్ల్యూ-30, పక్కింటి వాళ్ల డబ్బాలో అడుగున మిగిలినది: 29. నా ఇంజన్‌లోంచి డిప్‌స్టిక్ గొట్టం ద్వారా లాగిన ఆయిల్: 13.

పదమూడు! మూడు నెలలు తిరిగిన ఆయిల్ కాస్త పలచబడితే ఆశ్చర్యపోను. పాలిమర్లు తెగినా ఇరవై ఐదో, ఇరవై రెండో రావాలి. సగం కూడా లేదు. మళ్లీ చేశాను. మళ్లీ పదమూడే.

ఈ పరీక్ష ఇంజన్ వేడి గురించి ఏమీ చెప్పదు, మేడ మీద వేడి గురించే చెబుతుంది. అందుకే నాలుగింటినీ సలసల కాగే నీళ్లలో పెట్టి చూద్దామని పాత కిరోసిన్ పొయ్యి బయటికి తీశాను. ఇంతలో నాన్న మేడ మీదికి వచ్చాడు. నా నాలుగో సీసా మూత తీసి వాసన చూశాడు. ‘దీన్ని పొయ్యి మీద పెడతావా? పెట్రోలు కంపు కొడుతోంది.’

నేను జలుబుతో ఉన్నాను. ముక్కు పనిచేయని మనిషి ఆయిల్ గురించి పరిశోధన చేస్తే ఇలాగే ఉంటుంది. పొయ్యి మూలకు పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఏప్రిల్ 7న నేను సంతోషించిన సంగతి. పొద్దున్నే పొగ వస్తోంది, అంటే కొంత ఆయిల్ కాలుతోంది. అయినా మట్టం తగ్గలేదు, పైగా పెరిగింది. తాగేవాడి సీసా నిండుతోందంటే ఎవరో పోస్తున్నారనే కదా.

ఏప్రిల్ 19, శనివారం, ఆటోనగర్

ఫోను చేసి వాసన సంగతి చెప్పగానే బాబాయ్ ఒక్క మాటే అన్నాడు: ‘పంపు’.

కార్బొరేటర్ మారుతికి పెట్రోలు పంపు మెకానికల్. హెడ్డు పక్కన బిగించి ఉంటుంది, వాల్వులను తెరిచే ఇరుసు, కామ్‌షాఫ్ట్, దాన్ని తొక్కుతుంది. లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఒకటి. అది చిరిగితే పెట్రోలు కార్బొరేటర్‌కు వెళ్లడంతో పాటు కొంత కిందికి, ఇంజన్ ఆయిల్‌లోకి జారుతుంది. ఇలా కారినప్పుడు బయటికి కనబడటానికి పంపు ఒంటికి చిన్న రంధ్రం ఉంటుంది. మాదాంట్లో ఆ రంధ్రం మట్టీ జిడ్డూ కలిసి గట్టిపడి మూసుకుపోయింది. బాబాయ్ దాన్ని గుండుసూదితో పొడిచి నాకు చూపించాడు. పంపు విప్పి డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టుకుంటే అంచు దగ్గర వెంట్రుకలాంటి చీలిక. వంచితే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది.

ఆయిల్ దించాం. కొలిచే క్యానులో 3.1 లీటర్లు వచ్చింది. కొత్త ఫిల్టర్ వేసి పై గీత దాకా నింపడానికి పట్టింది 2.7. కాబట్టి జనవరి నుంచి దాదాపు అర లీటరు పెట్రోలు బేరింగులకు నైవేద్యం పెడుతున్నాను.

నేనే ఆ వర్క్‌షాపును మనసులో చాలా తిట్టుకున్నాను, పలచటి ఆయిల్ పోసి ఇంజన్ చెడగొట్టారని. ఇప్పుడు 5డబ్ల్యూ-30ను దోషిగా నిలబెట్టే సాక్ష్యం నా దగ్గర లేదు. మూడు వంతుల నేరం పంపుదే. ఈ ఇంజన్‌కు ముప్పై గ్రేడు నేను ఎంచుకోను, అది వేరే సంగతి. కానీ మొన్న బాబాయ్ మాట విని 20డబ్ల్యూ-50 పోసి ఉంటే ఏమయ్యేది? దీపం ఆరేది. నేను మేస్త్రిని మెచ్చుకునేవాణ్ణి. పెట్రోలు కారుతూనే ఉండేది, రెండు నెలల్లో ఆ 50 కూడా ముప్పై అయ్యేది, మళ్లీ దీపం వెలిగేది, అప్పటికి బేరింగులు నిజంగానే అరిగేవి. ఈ మాట బాబాయ్‌తో అన్నాను. ‘వాసన చూడకపోవడం నా తప్పే’ అన్నాడు, కాస్త ఆగి, ‘ఆ రోజు చెవి పెట్టాను గానీ ముక్కు పెట్టలేదు’ అన్నాడు.

అదే రోజు, ఆయిల్ కొట్లో

కొత్త పంపు బిగిస్తుండగా పక్క వీధిలో ఆయిల్ కొట్టుకు వెళ్లాను. కొట్టు కుర్రాడు వరుసగా మూడు డబ్బాలు పెట్టాడు.

మొదటిది లారీలకు పోసే 15డబ్ల్యూ-40, బకెట్టులోంచి విడిగా ఇస్తానన్నాడు. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. దీని మీద సీఐ-4 పక్కన ఎస్ఎల్ కూడా ఉంది, కాబట్టి పెట్రోలు బండికి విషమేమీ కాదు. కానీ డీజిల్ మసిని కడగడానికి దీనిలో డిటర్జెంట్ ఎక్కువ. 28 ఏళ్లుగా పేరుకున్న జిడ్డు ఒక్కసారి ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే నా ప్రెషర్ మళ్లీ మొదటికి వస్తుంది. విడి ఆయిల్ అసలే వద్దు, బకెట్టులో ఏముందో బకెట్టుకే తెలియాలి.

రెండోది 20డబ్ల్యూ-40 అని చూసి చేయి చాపాను. తిప్పి చూస్తే జాసో ఎంఏ అనే జపాను ప్రమాణం గుర్తు ఉంది, మోటారు సైకిల్‌ది. వాటికి క్లచ్ కూడా ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి అది జారకుండా ఉండేలా తయారుచేస్తారు. కారు ఇంజన్‌కు దాంతో ప్రమాదం లేదు గానీ, ఆ అవసరం కూడా లేదు. దీనికి ఎదురు తప్పు, అంటే ఇంధనం ఆదా చేసే కారు ఆయిల్‌ను మోటారు సైకిల్‌లో పోయడం, నిజంగా క్లచ్‌ను జారుస్తుంది.

మూడోది కార్లది, మినరల్ 20డబ్ల్యూ-40, సీలు ఉన్న డబ్బా. దీని మీద ఏపీఐ ఎస్ఎల్. పాత ఇంజన్లకు జింకు కావాలని కొందరు భయపెడతారు. కామ్‌షాఫ్ట్ తొక్కే చోట జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు లోహానికి పొరలా పనిచేస్తుంది, ఆ మాట నిజం. కొత్త ప్రమాణాల్లో ఫాస్ఫరస్‌కు పరిమితి పెట్టిన మాటా నిజం. ఆ పరిమితి మాత్రం ముప్పై, అంతకంటే పలచటి గ్రేడ్లకే గట్టిగా వర్తిస్తుంది. నలభై గ్రేడు వాడేవాళ్లు ఆ బెంగ వదిలేయవచ్చు.

కార్ల 20డబ్ల్యూ-40ను రెండు డబ్బాలు తీసుకున్నాను. పక్కనే 20డబ్ల్యూ-50 కూడా ఒకటి కొన్నాను. ఇంజన్ మూలల్లో పెట్రోలు కలిసిన ఆయిల్ ఇంకా కొంత ఉంటుంది. మొదటిసారి పోసేది ఎలాగూ 300 కిలోమీటర్లకే దించేయాలి. దించేసే దానితో బాబాయ్ మాట కూడా చూసేద్దాం అనుకున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

20డబ్ల్యూ-50తో 280 కిలోమీటర్లు. దీపం మళ్లీ కనబడలేదు. వేడి ఇంజన్, ఐడిల్‌లో 1.1, మూడు వేల దగ్గర 3.4. బాబాయ్ గేజి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

కానీ పొద్దున్న స్టార్ట్ చేయగానే పైన హెడ్డులో వాల్వులను నొక్కే టాపెట్ల టకటక నాలుగు సెకన్లు వినిపిస్తోంది. కామ్‌షాఫ్ట్ ఇంజన్ నెత్తిన ఉంటుంది, ఆయిల్ అక్కడికి చివరన చేరుతుంది. చల్లటి ఇంజన్‌ను రేసు చేస్తే గేజి ముల్లు ఐదుకు ఎగిరి అక్కడే నిలబడుతోంది. చూడటానికి ఆనందంగా ఉంటుంది గానీ, అక్కడ ప్రెషర్ మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని పంపు తోసిన ఆయిల్‌లో కొంత బేరింగుల దాకా వెళ్లకుండానే తిరిగి కిందికి పోతోందని అర్థం. పెద్ద ముల్లు పెద్ద ప్రవాహం కాదు.

మే 3, శనివారం

ఆ ఆయిల్ దించి, మళ్లీ ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ-40 పోశాం. దించిన దాన్ని డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనుక్కెళ్లే అతనికి ఇచ్చాం. మా వీధిలో ఒకాయన ఇలాంటిది ఏలూరు కాలువలో వంపేవాడు, ఆ నీళ్లే కింద పొలాలకు పోతాయని తెలియనట్టు.

దించిన 50ని సిరంజిలో పోసి చూశాను. 71 సెకన్లు. కొత్తది 74. అంటే పంపు బాగుపడింది, పెట్రోలు కలవడం లేదు. నా డైరీలో నాకు బాగా నచ్చిన అంకె ఇది.

మే 10, శనివారం, గుంటూరు దాకా

పరీక్షకు ఊళ్లో తిరగడం చాలదు. నాన్నను ఎక్కించుకుని గుంటూరు బయలుదేరాను. వారధి దాటి, మంగళగిరి మీదుగా, కాజ టోల్ గేటు దగ్గర వరుసలో నిలబడి, గుంటూరు బస్టాండు దగ్గర టిఫిను చేసి వెనక్కి. ఏసీ వేసే ఉంచాం. గేజిని పొడుగు పైపుతో లోపలికి తెచ్చి నాన్న చేతికి ఇచ్చాను. ఆయన దారంతా అంకెలు చదువుతూనే ఉన్నాడు, క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు. ఎనభైలో వెళ్తున్నప్పుడు 3.1. టోల్ గేటు దగ్గర, ఎండలో, ఫ్యాను తిరుగుతుండగా ఐడిల్‌లో 0.8. దిగి ఆయిల్ సంపు అడుగున టెంపరేచర్ గన్ పెడితే 101 డిగ్రీలు.

తిరిగి వచ్చాక, ఇంజన్ బాగా కాగి ఉండగా, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర కావాలనే ఆగాను. 0.8. దీపం లేదు.

యాభై గ్రేడుకు ఐడిల్‌లో 1.1, నలభైకి 0.8. ఈ తేడా కోసం ప్రతి పొద్దున్నా నాలుగు సెకన్ల టకటక భరించాలా? నలభైతో ఆ చప్పుడు రెండు సెకన్లలో ఆగిపోతోంది. స్విచ్ దీపాన్ని వెలిగించేది 0.3 దరిదాపుల్లో, కాబట్టి 0.8 దగ్గర ఇంకా చోటు ఉంది. మూడు వేల దగ్గర పాత లెక్కకు పైనే ఉన్నాం. నేను నలభైకే ఓటు వేశాను. బాబాయ్ మాత్రం ‘ఇంకో ముప్పై వేలు తిరగనివ్వు, అప్పుడు యాభైకి వస్తావు’ అంటున్నాడు. రావచ్చు. ఐడిల్‌లో 0.5 కిందికి పడిన రోజు, పెట్రోలు వాసన లేదని తేల్చుకున్నాక, యాభై పోస్తాను. వరుస మాత్రం అదే, ముందు వాసన, తర్వాత గేజి, ఆ తర్వాతే డబ్బా.

మే 31, శనివారం

రుతుపవనాలు ఈసారి తొందరపడ్డాయి, వేడి తగ్గింది. వాతావరణం చల్లబడిందని ఆయిల్ మార్చనక్కర్లేదు, వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ వేడి దాదాపు అంతే ఉంటుంది.

20డబ్ల్యూ-40 పోసి 900 కిలోమీటర్లు. మట్టం ఇప్పుడు నిజంగా తగ్గుతోంది, పై గీతకు వేలి మందం కింద ఉంది. కొలిచి పోస్తే 220 మిల్లీలీటర్లు పట్టింది. తగ్గితే ఇంత సంతోషం కలుగుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. పొద్దున్న నీలం పొగ అలాగే ఉంది, అది ఆయిల్ గ్రేడుతో పోయేది కాదు. రాత్రి వాల్వు సీళ్ల సందుల్లోంచి చుక్కచుక్కగా దిగిన ఆయిల్ పొద్దున్న కాలుతోంది. యాభైతో పొగ కాస్త తగ్గినట్టు అనిపించింది గానీ, సీళ్లు గట్టిపడితే మార్చాల్సిందే. సీళ్ల సెట్టు తెప్పించమని బాబాయ్‌కి చెప్పాను, హెడ్డు విప్పకుండానే మారుస్తానన్నాడు, చూడాలి.

మిగిలిన అర లీటరు డబ్బా డిక్కీలో పెట్టాను. నాన్న దాని మీద స్కెచ్ పెన్నుతో గ్రేడు, కొన్న తేదీ, మీటరు అంకె రాశాడు. పంపు బిల్లుకూ ఆయిల్ బిల్లుకూ ఫోనులో ఫొటో తీశానంటే వినలేదు, రెండు కాగితాలూ అడిగి తీసుకుని బీరువాలో ఫైలుకు దారం కట్టాడు.